హలో అనక్కర్లేని ఫోను

మా డ్రిల్లు మాస్టారు పోయారు.

ఆ కబురు చెప్పింది మా అమ్మ. నేను శ్రీకాకుళంలో ఒక లాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాను. ఉదయం పూట పరగడుపున వచ్చిన జనంతో బెంచీలన్నీ నిండిపోయి ఉంటాయి. ఒక ముసలాయన చేతికి పట్టీ బిగించి నరం వెతుకుతుంటే బల్ల మీద ఫోను మోగింది. ఆ వేళప్పుడు అమ్మ ఎప్పుడూ చెయ్యదు. రక్తం తీసి, దూది అదిమి పట్టుకోమని ఆయనకి సైగ చేసి, వరండాలోకి వెళ్ళి ఎత్తాను.

"మాస్టారు ఎల్లిపోనారే," అంది అమ్మ. "తెల్లారి టీ తాగినారట. కుర్సీలో అలగే ఒరిగిపోనారట. మాస్టారమ్మ నిన్ను అడుగుతన్నాది."

వస్తున్నానని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఏడుపు వల్ల కాదు, అది బస్సెక్కాక వచ్చింది. నాకు నత్తి. చిన్నప్పటి నుంచీ ఉంది. మొదటి అక్షరం దగ్గర నాలుక అతుక్కుపోతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, ఎదుటివాళ్ళు జాలిగా నా మూతి వంక చూస్తారు. మాట్లాడేటప్పుడు మిగిలిపోయిన మాటలన్నీ నేను కాగితం మీద ఖర్చు పెడుతుంటాను. అందుకని ఇది కాస్త ఎక్కువైతే మీరు సర్దుకోవాలి.

మాది చీపురుపల్లికి దగ్గర్లో చిన్న ఊరు. హైస్కూలుకి ఎదురుగా మాస్టారి ఇల్లు, దాని పక్కిల్లు మాది. ఆయన మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడేది. నిజానికి ఆ గొంతుకి ఈలతో పనే లేదు. ఆయన గ్రౌండులో "ఎటెన్షన్" అంటే చేలో కలుపు తీసేవాళ్ళు కూడా నడుము నిటారుగా పెట్టేవారని నాన్న నవ్వేవాడు. కోపం ముక్కు మీదే ఉండేది. చొక్కా గుండీ ఊడితే కోపం, గోళ్ళు పెరిగితే కోపం, పరిగెత్తేటప్పుడు నవ్వితే మరీ కోపం. అలాంటి మనిషి గురించి మెత్తగా రాస్తున్నానని ఆయనకి తెలిస్తే దీనికీ కోప్పడేవారు.

ఆయన నాకు మొదట చేసిన మేలు నాకు చాలా ఏళ్ళ దాకా అర్థం కాలేదు. డ్రిల్లు పీరియడ్‌లో వరసగా నిలబెట్టి నంబర్లు చెప్పించేవారు. ఒకటి, రెండు, మూడు అని ఒకరి తరవాత ఒకరు అరవాలి. నా దగ్గరికి వచ్చేసరికి వరస ఆగిపోయేది. అటూ ఇటూ పిల్లలు మోచేతులతో పొడుచుకునేవారు. హైస్కూల్లో చేరిన మొదటి వారమే అది జరిగింది. నేను ఆ అంకె మీద తన్నుకులాడుతుంటే మాస్టారు ఈల ఊదారు.

"ఏటా నంబర్లు? గేదెలు అరిసినట్టున్నాది," అని అందరి మీదా విరుచుకుపడ్డారు. "రేపటినుంచి ఎవులూ నోరు ఇప్పకూడదు. తలో సప్పట. సప్పట ఆగిందంటే ఈపు మోగుతాది."

మర్నాటి నుంచి మా స్కూల్లో నంబర్లు చప్పట్లయిపోయాయి. మా క్లాసు వెళ్ళిపోయాక కూడా ఆ పద్ధతి ఉండిపోయింది. మా తరవాతి పిల్లలు డ్రిల్లంటే చప్పట్లే అనుకున్నారు. ఒక్క పిల్ల కోసం స్కూలు స్కూలంతా నోరు మూయించారని ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

సాయంత్రాలు మా ఇంటి నుంచి వాళ్ళింటికి పాలు ఇవ్వడం నా పని. మాస్టారి భార్యని వీధంతా మాస్టారమ్మ అనేవారు. ఆవిడ పాలు తపేలాలో పోయించుకుని, చెంబు కడిగి, అందులో ఏదో ఒకటి పెట్టి ఇచ్చేవారు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలో, రెండు పకోడీలో. ఖాళీ చెంబు తిరిగి పంపడం ఆవిడ ఇంటావంటా లేదు. ఆ వేళకి మాస్టారు వరండాలో కూర్చుని గిటారు వాయించుకుంటూ ఉండేవారు. ఉద్యోగం రాకముందు విజయనగరంలో ఒక పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో వాయించేవారట.

"ఇజీనారం వయొలిన్ నేర్సుకుందామనే ఎల్లినాను," అనేవారు. "నేల మీద మఠం ఏసుక్కూకోమన్నారు. ఫుట్‌బాల్ ఆడిన మోకాళ్ళు ఒప్పుకోనేదు. కుర్సీలో కూకుని వాయించీది ఏదున్నాదని అడిగితే ఇది ఇచ్చినారు."

"అన్నీ అబద్దాలు," అనేవారు లోపలినుంచి మాస్టారమ్మ. "నిలబడి వాయిస్తే పెళ్ళికూతుళ్ళు సూస్తారని."

ఒక సాయంత్రం పాలు పట్టుకుని గుమ్మం ఎక్కుతుంటే కొత్త మోత వినిపించింది. తీగ మోగినట్టు లేదు. ఇత్తడి చెంబుకి గాజు తగిలినట్టు, సన్నగా, చల్లగా, ఎక్కడినుంచో వచ్చి గాల్లో నిలబడిపోయింది. నేనూ నిలబడిపోయాను.

"ఏటే గుంటా, పాలు ఇరిగిపోతాయి, లోపల ఇచ్చీసి రా," అన్నారు మాస్టారు. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు, అందులో తిట్టేమీ లేదు. ఇచ్చి వచ్చాను. "నేర్సుకుంటావేటి?" అన్నారు. తలూపాను. తలూపడం నాకు నత్తి లేకుండా వచ్చే భాష.

అది హార్మోనిక్స్ అంటారని నాకు చాలా కాలం తరవాత తెలిసింది. మాస్టారు దాన్ని గంట అనేవారు. ఆయన దగ్గర గిటారుకి వచ్చే మగపిల్లలందరికీ ముందు పాటలు నేర్పారు. నాకు మాత్రం ముందు గంట. వాళ్ళు పెళ్ళిపాటలు దంచేస్తుంటే నేను ఒక మూల ఒకే తీగ మీద ఒకే చోట వేలు పెట్టుకుని కూర్చునేదాన్ని. నాకు పాట రాదనే ఇలా చేస్తున్నారని లోపల్లోపల కుమిలేదాన్ని.

గిటారు మెడ మీద అడ్డంగా ఇనప మెట్లుంటాయి. మామూలుగా రెండు మెట్ల మధ్య వేలు పెట్టి తీగని కర్రకి అంటేలా నొక్కుతారు. రైతు ఇంటి పిల్లనని మాస్టారు నాకు పొలం లెక్కలో చెప్పారు. "పాట వాయించాలంటే మడిలో దిగాల. గంట మోగాలంటే గట్టు మీదే నిలబడాల. ఇదిగో, ఈ రెండు సుక్కలున్నాయి సూడు, ఈ గట్టు. దీనికి సరిగ్గా నెత్తి మీద తీగకి ఏలు ఆనించు. నొక్కకు. కుడిసేత్తో మీటు. మీటగానే ఎడమ ఏలు తీసీ. ఆనించు, ఇడిసీ. అంతే."

అంతే అన్నది నాకు నెలల తరబడి రాలేదు. నేను ఆనించలేను, నొక్కేస్తాను. పాలు పిండే చెయ్యి, గడ్డి కోసే చెయ్యి. తీగ కింద వేలి కొసలు గాట్లు పడిపోయేవి. మోత మాత్రం థప్‌మని చచ్చిపోయేది. భయపడి వేలు ముందే తీస్తే మామూలు తీగ బొయ్‌మనేది. మాస్టారమ్మ వంటింట్లోంచి, "ఆ పిల్ల సేత తలుపు కొట్టిస్తన్నారేటి?" అనేవారు.

ఒక రోజు మాస్టారు నన్ను స్కూలు వరండాలోకి తీసుకెళ్ళారు. మా స్కూలు గంట నిజం గంట కాదు, రైలు పట్టా ముక్క. దూలానికి ఇనప తీగతో వేలాడుతుండేది. అటెండరు ఇంటర్‌వెల్లు గంట కొట్టగానే దాని మీద అరచెయ్యి వెయ్యమన్నారు. వేశాను. మోత పీక నొక్కినట్టు ఆగిపోయింది. "ఇప్పుడు ఇంకోపాలి," అని ఆయనే సుత్తి తీసుకుని కొట్టి, "ఏలి కొస ఆనించి తీసీ" అన్నారు. ఆనించి తీశాను. పెద్ద మోత తగ్గి, దాని లోపలినుంచి ఇంకో సన్నటి మోత బయటికి వచ్చి అలా సాగింది.

"సూసినావా? అది ఎప్పుడూ అందులోనే ఉన్నాది. నువ్వు అడ్డుకోకపోతే వస్తాది," అన్నారు. తరవాత ఎటో చూస్తూ, "నువ్వు మాటనీ ఇలగే నొక్కీస్తన్నావే," అన్నారు.

నా నత్తి గురించి ఆయన అన్నది జీవితంలో ఆ ఒక్క మాటే. నెమ్మదిగా మాట్లాడమని అందరూ చెప్పేవారు, గులకరాళ్ళు నోట్లో పెట్టుకోమని ఒకాయన చెప్పాడు, మొక్కులు మొక్కమని చుట్టాలు చెప్పేవారు. ఆయన ఇంకేమీ చెప్పలేదు. నేను మాట మొదలుపెట్టి ఆగిపోతే ఆయన గిటారు తీగలు తుడుచుకుంటూ కూర్చునేవారు. నా మూతి వంక చూసేవారు కాదు, నా బదులు మాట అందించేవారు కాదు. అంత కోపిష్టి మనిషి ఎన్ని మాటల కోసం అలా తీగలు తుడిచారో. ఆ తీగలు ఎప్పుడూ తళతళలాడుతూనే ఉండేవి.

గంట మోగిన రోజు ప్రత్యేకంగా ఏమీ లేదు. గోడ అవతలినుంచి అమ్మ నన్ను కేకేసింది. అటు తిరిగి వింటూ, చెయ్యి అలవాటుగా మీటింది. మోగింది. నా చేతిలోనే మోగిందని తెలియడానికి ఒక క్షణం పట్టింది. మాస్టారు శభాష్ అనలేదు. మెడలోని ఈల తీసి, గోలు కొట్టినప్పుడు ఊదినట్టు పొడుగ్గా ఊదారు.

"ఇంట్లో ఆ ఊదడం ఏటండీ?" అంటూ మాస్టారమ్మ అట్లకాడతో బయటికి వచ్చారు.

"గుంట గంట కొట్టినాది," అన్నారు మాస్టారు. ఆవిడ నా వంక చూసి, "అయితే ఆకలేస్తాది," అని లోపలికి వెళ్ళి అట్టు పట్టుకొచ్చారు.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. మాస్టారు గిటారు ఐదో తీగని ఆ రైలు పట్టా గంటకి సరిపెట్టుకునేవారు. అది కొట్టగానే బిరడా తిప్పి దాని మోతలో కలిపేసేవారు. మిగతా తీగలన్నీ ఐదో తీగ వెనకాల నడిచేవి. ఆయన శిష్యులందరిదీ అదే శ్రుతి. మా ఊళ్ళో వాయించుకున్నంత కాలం ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఇంటర్మీడియట్‌లో కాలేజీ వార్షికోత్సవానికి కీబోర్డు అబ్బాయి పక్కన కూర్చుని మొదలుపెట్టేసరికి నా గిటారు ఒక దారి, అతని కీబోర్డు ఒక దారి. నా చెవి పాడైందేమోనని హడలిపోయాను. మాస్టారికి వచ్చి చెబితే ఆయన ఏమాత్రం తొణకలేదు.

"మన ఊరి గంటకేటీ రోగం నేదు. ఆ కీబోర్డే ఇజీనారంది," అన్నారు. కాసేపయ్యాక గొణిగారు. "సరే, పక్కోడితో కూకున్నప్పుడు పక్కోడి సుతి పెట్టుకో. ఇంటికొచ్చినాక మన సుతి." అప్పుడే పక్క పక్క తీగల మీద గంటలు మోగించి రెండు మోతలూ అలల్లా కొట్టుకోకుండా ఒకటయ్యేదాకా బిరడా తిప్పడం నేర్పారు. ఆ మాట నాకు గిటారు బయట కూడా చాలా చోట్ల పనికొచ్చింది. లాబ్‌లో కొత్తగా చేరినప్పుడు, పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళినప్పుడు, నోరు విప్పక ముందు అవతలివాళ్ళ శ్రుతి వినడం అలవాటైంది.

గిటారు నేర్చుకోగానే నత్తి పోయిందని రాస్తే బాగుండును. పోలేదు. ఇప్పటికీ ఉంది. నేను దాన్ని చూసి భయపడటం మాత్రం కొంత తగ్గింది. చెయ్యి తేలికపడింది కూడా. సూది గుచ్చినట్టే తెలియలేదమ్మా అని లాబ్‌కి వచ్చేవాళ్ళు అంటారు. ఆ చెయ్యి మాస్టారిచ్చింది.

టెక్నీషియన్ కోర్సుకి శ్రీకాకుళం వచ్చాక నాకు పెద్ద చిక్కు ఫోను. నత్తి ఉన్నవాళ్ళని అడగండి, హలో అంత కష్టమైన మాట ఇంకొకటి లేదంటారు. తలూపితే ఫోనులో కనపడదు. ఎత్తి, హ దగ్గర నేను తన్నుకుంటూ ఉండగానే అవతలివాళ్ళు లైను పోయిందనుకుని పెట్టేస్తారు. అందుకని ఫోను మోగితే దిండు కింద పెట్టేసేదాన్ని. ఇంటి నుంచి చేసినా ఎత్తేదాన్ని కాదు. అమ్మ వెళ్ళి మాస్టారితో మొరపెట్టుకుందట.

ఆ ఆదివారం మాస్టారి నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆయన ఫోను ఎత్తకపోవడానికి నాకు ధైర్యం లేదు. ఎత్తి, ఊపిరి బిగబట్టి నిలుచున్నాను. హలో లేదు, ఏమే లేదు. గంట మోగింది. రెండు చుక్కల మెట్టు మీద, ఐదో తీగ, మా స్కూలు శ్రుతిలో. అది పూర్తిగా సన్నబడేదాకా అవతల చప్పుడు లేదు. నాకేం చెయ్యాలో తెలియక గోటితో ఫోను మీద ఒకసారి తట్టాను.

"ఆఁ, ఉన్నావు కదా. ఇంక సెప్పు," అన్నారు మాస్టారు.

ఆనాటినుంచి ఆదివారాలు మా ఫోను అలాగే మొదలయ్యేది. అటు గంట, ఇటు గోరు. హలో దాటిపోతే మిగతా మాటలు ఎలాగో వచ్చేసేవి. నాకు ఉద్యోగం వచ్చినా, పెళ్ళయినా, కూతురు పుట్టినా అది మానలేదు. మా ఆయన మొదట్లో వింతగా చూసి, తరవాత ఆదివారం ఫోను మోగితే "నీ గుడి గంట" అని నా చేతికి ఇచ్చేవాడు.

పోయిన ఏడు మాస్టారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. నేను చూడ్డానికి వెళ్ళేసరికి వరండాలో అదే కుర్చీలో కూర్చోబెట్టి ఉన్నారు. చుట్టూ చుట్టాలు. నన్ను చూడగానే ఆయన పెదాలు ఏదో అనబోయాయి. మొహం ఎర్రబడింది. మెడ నరాలు ఉబ్బాయి. ఆ అవస్థ నాకు లోపలినుంచి తెలుసు.

"నీళ్ళు కావాలేటి?" అన్నారొకరు. "మందేమో," అన్నారు ఇంకొకరు. "దుప్పటి కప్పమంటన్నారు గావాల," అన్నారు మరొకరు. ఒక్కొక్క మాటకీ ఆయన కళ్ళల్లో కోపం పెరిగిపోతోంది. నేను మూల నుంచి గిటారు తెచ్చి ఒళ్ళో పెట్టుకుని, పంచె గుడ్డముక్క తీసుకుని తీగలు తుడవడం మొదలుపెట్టాను. ఆయన వంక చూడలేదు. చుట్టాలు ఒకరొకరుగా లేచి వెళ్ళారు. ఆరు తీగలూ తుడిచాను. మళ్ళీ మొదటినుంచి తుడిచాను.

"పా... పాలు... తెచ్చినావా?" అన్నారు మాస్టారు.

పాలు తేవడం మానేసి ఎన్నేళ్ళయిందో. నేను నవ్వాను, కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. ఆయనా సగం మూతితో నవ్వారు. లోపల మాస్టారమ్మ తపేలా చప్పుడు చేశారు.

ఇక ఆదివారం గంట ఉండదనుకున్నాను. తీగకి వేలు ఆనించడానికి ఎడమ చెయ్యి ఉంది కానీ మీటడానికి కుడి చెయ్యి లేదు. అయినా ఆదివారం ఫోను మోగింది. ఎత్తగానే గంట. కాస్త ముతగ్గా ఉన్నా గంటే. నేను గోటితో తట్టడం కూడా మరిచిపోయాను.

"ఇన్నావేటి?" మాస్టారమ్మ గొంతు. "ఆయన ఏలు ఆనిస్తన్నారు, నాను మీటతన్నాను. మొదట్లో గట్టిగా లాగీసినానని ఎంత కసురుకున్నారో. మాట రాదు గానీ కసురుకోడం వస్తన్నాది."

తలుపు కొట్టిస్తున్నారా అని ఒకప్పుడు విసుక్కున్న మనిషి, ఆఖరి రోజుల దాకా ఆదివారం ఆదివారం ఆ తీగ మీటారు.

కర్మ రోజుకి మళ్ళీ వెళ్ళాను. గిటారు గోడకి మేకుకి వేలాడుతోంది. మాస్టారమ్మ అటు చూడటం లేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. వచ్చేసేటప్పుడు నా సంచీలో వేరుశనక్కాయల పొట్లం పెట్టారు.

తరవాత వచ్చిన ఆదివారం నా ఫోను మోగింది. తెర మీద మాస్టారు అని పేరు. మా ఆయన నా వంక చూసి, ఫోను చేతికి ఇచ్చాడు. ఎత్తాను. గంట లేదు. మాట లేదు. ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు. ఆవిడకి మాట రావడం లేదని అర్థమైంది. నేను పెట్టెయ్యలేదు, ఏమిటని అడగలేదు. అలా ఉన్నాను.

థప్‌మని ఒక మోత వచ్చింది. ఇంకోసారి థప్.

"నాకు రావట్నేదే గుంటా," అన్నారు మాస్టారమ్మ. "నాకు మీటడమొక్కటే తెలుసు. ఆనించీ సెయ్యి ఆయనది కదా."

నేను ఫోనులో ఎవరికీ ఏదీ విడమరిచి చెప్పి ఎరగను. నోరు తెరిచాను. మొదటి అక్షరం దగ్గరే నాలుక అతుక్కుపోయింది. అవతల ఆవిడ ఆగారు. కంగారు పడలేదు, అందించలేదు. ఆ ఇంట్లో అది అలవాటే.

"గ... గట్టు మీద," అన్నాను.

"రెండు సుక్కలున్న దాని మీదేనా?"

"ఊఁ. నె... నెత్తి మీద. ఎడమ చేతి వేలు. నొ... నొక్కకండి."

"నొక్కట్నేదు. ఊరికే పెట్టినాను."

థప్.

నాకు మాస్టారి మాట తప్ప ఇంకే మాటా తోచలేదు. అది ఎక్కడా ఆగకుండా ఆయన యాసతోనే వచ్చేసింది. "ఆనించు, ఇడిసీ."

 అవతల గోరు కర్రకి తగిలిన చప్పుడు. తరవాత గంట మోగింది. సన్నగా, వణుకుతూ, మా స్కూలు శ్రుతిలోనే.

అది పూర్తిగా తగ్గేదాకా విన్నాను. నేను గోటితో ఫోను మీద ఒకసారి తట్టాను. అటునుంచి మళ్ళీ గంట మోగింది.